మంచం మీద మనిషి

ఆస్పత్రి మంచాన్ని కాపలా కాయడం కూడా ఒక పనే. దిగితే గాని అందులోని మెళకువలు తెలియవు. అంచున ఒదిగి కూర్చుంటే లాభం లేదు. అలాంటివాళ్ళను ఆయా చీపురు చూపించి లేపేస్తుంది. మధ్యలో, కాళ్ళు ముడుచుకుని, ఇల్లు కట్టుకున్నట్టు కూర్చోవాలి. దిండులో పిడికిలితో ఒక గుంట చెయ్యాలి. మందు సీసా పక్కన సగం తాగిన నీళ్ళ గ్లాసు పెట్టాలి. మంచం కింద మగవాడి చెప్పులు వంకరటింకరగా పడి ఉండాలి. చూసినవాళ్ళకు రోగి ఇలా లేచి అలా వెళ్ళాడనిపించాలి.

ఇవన్నీ ఇస్త్రీ అక్కకు ఎవరూ నేర్పలేదు. సందు మొగలో ఇస్త్రీ కొట్టు నడిపే మనిషి. తమ్ముణ్ణి ఈ సర్కారు ఆస్పత్రిలో చేర్చిన మర్నాడే, ఉతికి తెచ్చిన దుప్పట్లు బల్ల మీద కుప్పగా పడి ఉంటే చూస్తూ ఊరుకోలేక, అంచుకు అంచు కలిపి, అరచేత్తో సాపు చేసి మడతలు పెట్టేసింది. ఆ రోజు నుంచీ నర్సమ్మ దగ్గర ఆమె మాటకు కాస్త విలువ. ఆ విలువను ఖర్చు పెట్టకుండా దాచుకుంటూ వచ్చింది. ఇవాళ దానితో పని పడింది.

"ఇక్కడి రిజిస్టరులో పేరు కొట్టించుకునే వెళ్దామక్కా," అన్నాడు తమ్ముడు, షర్టు గుండీలు పెట్టుకుంటూ. గుండీ గుండీకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "అదీ పద్ధతి."

"పద్ధతిగా వెళ్తే మంచం మళ్ళీ ఇస్తారా? పెద్ద డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా?"

తమ్ముడు మర్చిపోలేదు. పెద్ద డాక్టరు చెడ్డవాడేమీ కాదు. గుండెలో వాల్వు పాడైందనీ, మార్చాలనీ, ఇక్కడే మారుస్తామనీ, పైసా అక్కర్లేదనీ నిలబడి వివరంగా చెప్పాడు. ఎప్పుడు సార్ అంటే, వంతు వచ్చినప్పుడు అన్నాడు. వంతు ఎప్పుడొస్తుంది సార్ అంటే, ముందున్నవాళ్ళ పని అయ్యాక అన్నాడు. అప్పటిదాకా ఏం చెయ్యాలంటే మాత్రం అరక్షణం ఆలోచించి, "మంచం మీద ఉండాలి. మంచం మీద లేనివాడికి వంతు లేదు," అని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు పనిచేసే ఫ్యాన్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు ఒకటి ఉంది. ఆ కార్డు పెద్ద బజారులోని ప్రైవేటు ఆస్పత్రిలో చెల్లుతుంది. అక్కడ వంతుల గొడవ లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు సరే అన్న మర్నాడే ఆపరేషను. సరే అనాలంటే ముందు అక్కడ చేరాలి, అక్కడి పరీక్షలన్నీ అక్కడే చేయించుకోవాలి. సరే అనకపోతే? అందుకే ఈ కాపలా. అక్కడ చెయ్యి చాచాలంటే ఇక్కడ పట్టు వదలకూడదని అక్క తీర్మానించింది. అంతకన్నా తెలివైన పని ఆమెకే కాదు, ఆ వార్డులో ఎవరికీ తోచి ఉండేది కాదు.

"వదినా, ఆటో వచ్చింది," అంది మరదలు గుమ్మంలోంచి. 

తమ్ముడు లేచి నిలబడి మంచానికి పైన తిరిగే ఫ్యాను వైపు తలెత్తి చూశాడు. అది తిరిగినప్పుడల్లా కరకరమంటోంది. "బేరింగు పోయిందక్కా. ఎవరికైనా చెప్పు. ఊడి మీద పడుతుంది."

"ముందు నీ బేరింగు చూసుకోరా," అంది అక్క. వాడు నవ్వబోయి దగ్గాడు.

వాడు గుమ్మం దాటగానే అక్క దిండులో పిడికిలి దించింది. నర్సమ్మ అటుగా వస్తే, "టెస్టుకు వెళ్ళాడమ్మా, ఇప్పుడే వస్తాడు," అంది. నర్సమ్మ దిండు వంక చూసింది, చెప్పుల వంక చూసింది, బల్ల మీద చక్కగా మడతపెట్టి ఉన్న దుప్పట్ల వంక చూసింది. తన దారిన వెళ్ళిపోయింది.

మంచానికీ గోడకూ మధ్య కింద చాప మీద ఒక కండక్టరు ఉన్నాడు. బస్సుల్లో టిక్కెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుము ఆగదు. భార్య అతని వెనకాల కూర్చుని, తన వీపును అతని వీపుకు ఆనించి, తానే గోడలా మనిషిని నిలబెట్టేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆవిడకే నడుము పట్టేసింది.

"అక్కా," అంది మెల్లిగా. "మీ తమ్ముడు వచ్చేదాకా ఆయన్ని కాసేపు పైన ఆనుకోనిస్తావా? గచ్చు చల్లగా ఉంది, ఆయాసం ఎక్కువైపోతోంది. రాగానే దించేస్తాను."

అక్క కింద ఉన్న మనిషిని చూసింది. మెడ నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. పైన మంచం ఖాళీ. ఖాళీ అని తనకు తెలుసు, ఆవిడకూ తెలుసు. కానీ ఒకసారి ఇంకొక రోగి ఎక్కితే, అదే సమయానికి డాక్టరు వస్తే, దించడం ఎవరి తరం?

"ఇప్పుడే వస్తాడు," అంది అక్క.

ఆవిడ మళ్ళీ భర్త వెనక్కి చేరి వీపు ఆనించింది. అక్క సిగ్గుతో గోడ వైపు తిరిగి, దుప్పటి మీద లేని ముడతలను అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. అక్కడి సంగతులు కథలు కథలుగా చెప్పింది. గదంతా చల్లగా ఉందట. అడుగడుక్కీ ఎవరో ఒకరు పలకరిస్తున్నారట. నీళ్ళు కావాలా, దిండు సరిపోయిందా అని అడుగుతున్నారట.

"డాక్టరు చూశాడా?"

"చూశారు వదినా. చాలా మర్యాదగా మాట్లాడారు. రక్తం తీశారు, ఫోటోలు తీశారు. మందు మాత్రం ఇంకా మొదలెట్టలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర నుంచి మాట రావాలట."

ఇక్కడ పలకరించే దిక్కు లేదు గాని సూది వేళకు పడుతుంది. అక్కడ పలకరింపులకు లోటు లేదు గాని సూది పడదు. రెండూ కలిపి ఒక్క ఆస్పత్రి కడితే ఎంత బావుండును, అనుకుంది అక్క. తమ్ముడి పేరు మీద ఆయా తెచ్చి ఇచ్చిన మాత్రలను కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

మర్నాడు పొద్దున్న రౌండ్లకు చిన్న డాక్టరు వచ్చాడు. కొత్త మనిషి. కళ్ళ కింద నల్లగా ఉంది. "ఈయనేడీ?" అన్నాడు.

"టెస్టుకు వెళ్ళాడు సార్."

"ఎలా ఉన్నాడు?"

"అలాగే ఉన్నాడు సార్."

"అవే మందులు వాడండి," అని చిన్న డాక్టరు ముందుకు కదిలాడు. కింద నుంచి కండక్టరు భార్య ఇదంతా కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. పని నేర్చుకునేవాళ్ళ చూపు అది.

భోజనాల వేళకు ఇంకో మనిషి వచ్చాడు. నడివయసు. భుజానికి నల్ల బ్యాగు. అక్క ముందు అతని షర్టు చూసింది. అది ఆమె అలవాటు. మనుషులను మొహం కన్నా ముందు కాలరును బట్టి అంచనా వేస్తుంది. కాలరు గంజి పెట్టినట్టు నిలబడి ఉంది. చేతి మడత చాకులా ఉంది. ఇలాంటి షర్టు వేసుకుని ఇలాంటి వార్డుకు వచ్చేవాడు తనిఖీకి తప్ప వేరే పనికి రాడు. ఖాళీ మంచాలు పట్టుకోవడానికి పైనుంచి మనుషులు వస్తారని ఆయా ముందే హెచ్చరించింది.

అతను తమ్ముడి పేరు చెప్పి, "ఈ మంచమేనా అమ్మా? చిన్న విచారణ," అన్నాడు.

"ఈ మంచమే సార్. నేను వాళ్ళ అక్కను."

"మనిషి కనబడడేం?"

"బాత్రూముకు వెళ్ళాడు సార్, ఇప్పుడే."

"నిన్న ఇక్కడే ఉన్నాడా?"

"ఇక్కడే."

"బయటి ఆస్పత్రికి గాని, ఎక్కడికైనా గాని వెళ్ళాడా?"

ఎవడో చాడీ చెప్పాడనుకుంది అక్క. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "ఈ గుమ్మం దాటలేదు సార్. రెండడుగులు వేస్తే ఆయాసపడే మనిషి ఎక్కడికెళ్తాడు? నిన్న నా చేత్తోనే మాత్రలు వేశాను. కావాలంటే చూడండి, దిండు ఇంకా నలిగే ఉంది."

అతను దిండు వంక చూశాడు. ఎంతో మర్యాదగా, "థాంక్సమ్మా. ఆరోగ్యం జాగ్రత్త," అని వెళ్ళిపోయాడు.

కింద నుంచి కండక్టరు భార్య, "ఎంత గట్టిగా చెప్పావక్కా! నేనైతే తడబడి చచ్చేదాన్ని," అంది. అక్కకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. 

సాయంత్రం ఎండ కిటికీ ఊచల్లోంచి మంచం మీద పడుతుండగా ఫోను మోగింది. మరదలు ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు.

"ఒప్పుకున్నారు వదినా! మాట వచ్చేసింది. రేపు పొద్దున్నే ఆపరేషను. ఇప్పుడే మందు ఎక్కిస్తున్నారు."

అక్క ఫోను పెట్టేసి మంచం దిగింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, గోడ పట్టుకుని నిలబడింది. దిండు తీసి దులిపింది, గుంట పోయేదాకా రెండు చేతులతో కొట్టింది. దుప్పటి లాగి, నాలుగు మూలలూ బిగించి, మధ్యలో అరచేత్తో ఒక్కసారి సాపు చేసింది. మంచం కింది చెప్పులు సంచిలో వేసుకుంది.

"అన్నయ్యను ఎక్కించు," అంది కండక్టరు భార్యతో.

"అదేంటక్కా?"

"మా వాడికి ఇక అక్కర్లేదు. నిన్న నేను..." అంటూనే వంగి కండక్టరు భుజం పట్టుకుంది. "ముందు ఎక్కించు. నేను నర్సమ్మకు చెప్పి వస్తాను."

ఇద్దరూ చెరో పక్కా పట్టి కండక్టరును పైకి చేర్చారు. దిండుకు ఆనుకోగానే అతని మెడ నరాలు కాస్త సర్దుకున్నాయి. కళ్ళు మూసుకుని, టిక్కెట్టు చింపి ఇచ్చినట్టు రెండు వేళ్ళు ఎత్తి అక్కకు దణ్ణం లాంటిదేదో పెట్టాడు. 

నర్సమ్మ మాత్రం సంతోషించలేదు. "పేరు కొట్టేస్తే కొట్టేసినట్టే అక్కా. మళ్ళీ వస్తే కొత్త పేషెంటే."

"మళ్ళీ ఎందుకొస్తామమ్మా, నీ నోటి చలువ వల్ల?" అని నవ్వింది అక్క. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఒళ్ళు దూదిపింజలా తేలిపోతోంది. ఆ రోజే కొట్టు తెరిచి, తమ్ముడు ఆపరేషను అయ్యాక ఇంటికి వచ్చేటప్పుడు వేసుకోవడానికని తెల్ల షర్టు తీసి, కాలరు దగ్గర నీళ్ళు చిలకరించి, పెట్టె బరువంతా వేసి ఇస్త్రీ చేసింది.

పొద్దున్నే ఆ షర్టును పేపర్లో చుట్టుకుని ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళింది. నేల మీద తన నీడ తనకే కనబడేంత శుభ్రం. తమ్ముణ్ణి చక్రాల బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. ఛాతీ మీద వెంట్రుకలు గీసేసి పసుపురంగు మందు పూశారు. వీపున ముడివేసే ఆకుపచ్చ గౌను తొడిగారు. మరదలు పక్కనే నిలబడి అతని చేతి వేళ్ళు పట్టుకుని ఉంది.

"అక్కా, ఇక్కడి ఫ్యాన్లు అసలు చప్పుడే చెయ్యవు," అన్నాడు తమ్ముడు. మందు వల్ల మాట మత్తుగా ఉంది.

"మీ కంపెనీవి కావేమో," అంది అక్క. ముగ్గురూ నవ్వారు.

నవ్వు ఆగకముందే కౌంటరు దగ్గరి అమ్మాయి పిలిచింది. ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందంటే, ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"ఇన్సూరెన్స్ వాళ్ళు నిన్న ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నారండీ."

"అంటే?" అంది మరదలు.

"మీ పేషెంటు సర్కారు ఆస్పత్రిలో చేరి ఉన్నారట. మొన్నా నిన్నా అక్కడే ఉన్నారని వాళ్ళ మనిషి వెళ్ళి విచారించుకుని వచ్చాడు. మేమేమో మొన్నా నిన్నా మా దగ్గరే ఉన్నట్టు రాశాం. ఒక మనిషి రెండు మంచాల మీద ఉండడు కదండీ? దొంగ క్లెయిమ్ అంటున్నారు."

"ఎవరు చెప్పారమ్మా వాళ్ళకు?" మరదలి గొంతు పైకి లేచింది. "ఏ పాపిష్టి నోరు చెప్పింది?"

"పేషెంటు అక్కగారే చెప్పారని రాశాడండీ."

అక్కకు ఆ నిలబడి ఉన్న కాలరు, చాకులాంటి మడత కళ్ళ ముందు మెదిలాయి. మరదలు తన వైపు తిరిగిందని తెలుస్తోంది గాని తల తిప్పి చూడలేకపోయింది.

"నేను అబద్ధం చెప్పాను తల్లీ," అంది కౌంటరు అమ్మాయితో. "మంచం పోతుందని అబద్ధం చెప్పాను. మంచం మీద కూర్చున్నది నేను. వాడు ఇక్కడే ఉన్నాడు. అదిగో, ఆ బల్ల మీద ఉన్నాడు చూడు!"

"నాకు కనబడుతున్నాడండీ. వాళ్ళకు కనబడాలి."

"ఇప్పుడు నేను నిజం చెబుతున్నాను కదా. ఫోన్ చేసి ఇవ్వు, చెబుతాను."

ఆ అమ్మాయి నిజంగానే ఫోన్ చేసింది. అవతలి మాట విని పెట్టేసింది. "అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమో మాకెలా తెలుస్తుందని అడుగుతున్నారండీ." ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, చిన్నపిల్ల. "డబ్బు కట్టేస్తే ఇప్పుడే లోపలికి తీసుకెళ్తారు. కార్డు సంగతి తర్వాత పోట్లాడుకోవచ్చు."

ఎంత కట్టాలో ఆ అమ్మాయి చెప్పింది. కొట్టూ, ఇస్త్రీ పెట్టే, వాటితో పాటు తననూ అమ్మేసినా అందులో సగం రాదు.

గౌను వాళ్ళది కాబట్టి తీసేసుకున్నారు. పసుపురంగు మందు మాత్రం వాడి ఒంటినే ఉండిపోయింది. దాని మీదే అక్క తెల్ల షర్టు తొడిగి, తనే గుండీలు పెట్టింది. మరదలు దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది.

సర్కారు ఆస్పత్రిలో నర్సమ్మ వాళ్ళను చూసి చేస్తున్న పని ఆపేసింది.

"మంచాలు లేవు అక్కా. చాప వేసుకోండి."

"వంతు?"

"కొత్త పేషెంటు కదా. వంతూ కొత్తదే, అదీ మంచం దొరికాకే."

చోటు దొరికింది కూడా అక్కడే, ఆ మంచానికీ గోడకూ మధ్య. అక్క చాప పరిచి, తమ్ముడి వెనకాల కూర్చుని వీపు ఆనించింది. వాడి ఊపిరి తన వెన్నులోకి వచ్చి తగులుతోంది. మరదలు నీళ్ళు తేవడానికి వెళ్ళింది. పైన ఫ్యాను కరకరమంటోంది. మంచం మీద కండక్టరు లేడు. మధ్యలో అతని భార్య కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. దిండులో గుంట ఉంది. మంచం కింద మగవాడి చెప్పులు వంకరటింకరగా పడి ఉన్నాయి.

"అన్నయ్యేడీ?" అంది అక్క.

ఆవిడ అటూ ఇటూ చూసి, కిందకు వంగి గుసగుసగా చెప్పింది. "మా అబ్బాయి ఆఫీసు ఇన్సూరెన్స్ కార్డు తల్లిదండ్రులకు కూడా పనికొస్తుందట అక్కా. పొద్దున్నే తీసుకెళ్ళాడు. నువ్వు చేసినట్టే చేశాను. పేరు కొట్టించలేదు."

అక్క ఉలిక్కిపడింది. తమ్ముడి వీపు కదలకుండా మెడ మాత్రం తిప్పి, "వద్దమ్మా, అలా చెయ్యకు," అంది. "ఇప్పుడే వెళ్ళి పేరు కొట్టించు. వాళ్ళ మనిషి ఇక్కడికి వచ్చి అడుగుతాడు. మా కొంప మునిగింది దానివల్లే." జరిగినదంతా చెప్పింది. ఆ బ్యాగు, ఆ కాలరు, తన నోరు, ఏదీ దాచకుండా చెప్పింది.

ఆవిడ అంతా విన్నది. విని, కింద ఊపిరి కోసం కొట్టుకుంటున్న తమ్ముడి వంక చూసింది. తర్వాత తను కాపలా ఉన్న మంచం వంక చూసుకుంది. మళ్ళీ అక్క మొహంలోకి చూసింది.

"మంచం కోసం చెబుతున్నావు కదూ అక్కా?"

మంచం కోసం కాదని అక్క ఒట్టు పెట్టి చెప్పగలదా? ఆవిడ లేస్తే ఆ మంచం ఎవరికి వస్తుందో ఆలోచించకుండా ఉండగలిగిందా? ఏది ఎందుకు చెప్పిందో తనకే తెలియలేదు.

తమ్ముడు గాలి కోసం నోరు తెరిచాడు. "కాసేపు పైన ఆనుకోనిస్తావా వాణ్ణి?" అంది అక్క. "అన్నయ్య రాగానే దించేస్తాను."

"ఇప్పుడే వస్తారు అక్కా," అంది ఆవిడ. గోడ వైపు తిరిగి దుప్పటి సాపు చేస్తూ కూర్చుంది. అక్కకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి ఏ హక్కూ మిగల్లేదు.

మధ్యాహ్నం ఒక మనిషి వార్డులోకి వచ్చాడు. భుజానికి బ్యాగు. ఒక్కో మంచాన్నీ చూసుకుంటూ సరిగ్గా ఈ మంచం దగ్గర ఆగాడు.

"ఈ మంచం మీద పేషెంటు ఉన్నాడా అమ్మా, లేడా?"

కండక్టరు భార్య ఏం చెప్పమంటావన్నట్టు కిందకు, అక్క వైపు చూసింది. ఆ కళ్ళలో ఇప్పుడు అనుమానం లేదు, ఒట్టి భయం.

అక్క అతని షర్టు చూసింది. నలిగి ఉంది. కానీ ఇక షర్టులను నమ్మే పని లేదు. ఇతను ఆస్పత్రివాడైతే ఉన్నాడని చెప్పాలి, లేకపోతే మంచం పోతుంది, వంతు పోతుంది. ఇన్సూరెన్స్ వాడైతే లేడని చెప్పాలి, లేకపోతే ఆపరేషను పోతుంది. మనిషి ఒక్కడే, ప్రశ్న ఒక్కటే.

"ముందు మీరెవరో చెప్పండి సార్," అంది అక్క. "ఉన్నాడో లేడో తర్వాత చెబుతాం."

అతను తెల్లబోయాడు. "నేనా? ఫ్యాను బాగు చెయ్యడానికి వచ్చానమ్మా. మనిషి ఉంటే లేపాలి, మంచం జరిపి నిచ్చెన వెయ్యాలి." బ్యాగులోంచి పానా తీస్తూ కింద చాపను చూశాడు. "మీరు కూడా లేవాలి. మంచం గోడ వైపుకు జరుపుతాను, ఇక ఇక్కడ చోటుండదు. వరండాలో ఎక్కడైనా చూసుకోండి."

కండక్టరు భార్య మంచం దిగకుండానే పక్కకు ఒదిగింది. మంచం, దాని మీద ఆవిడ, దిండులో గుంట, అన్నీ కలిసి కీచుమంటూ గోడ వైపుకు జరిగాయి. అక్క తమ్ముణ్ణి లేపి నిలబెట్టి, వాణ్ణి ఒక భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో చాప చుట్టింది. తెల్ల షర్టు మీద పసుపు మరకలు పైకి తేలాయి. 

"బేరింగేనా?" అన్నాడు తమ్ముడు ఫ్యాను మనిషితో.

"బేరింగే," అన్నాడు అతను నిచ్చెన ఎక్కుతూ.

వరండాలో గోడ పొడుగునా చాపలు పరిచి ఉన్నాయి. ఎక్కడా జానెడు ఖాళీ లేదు. చివర మెట్ల పక్కన, ఎండ పడే చోట, అక్క చాపను సగానికి మడిచి వేసింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి వెనక్కి చేరి వీపు ఆనించింది.

ఊపిరి కాస్త సర్దుకున్నాక వాడు అడిగాడు.

"ఎవరైనా వచ్చి అడిగితే, నేనెక్కడున్నానని చెబుతావక్కా?"